గోదాముకు వెళ్లే సరుకు మీద లేబుళ్లు: లాల్‌దర్వాజా నుంచి శంషాబాద్ దాకా

ఆన్‌లైన్ అంగడిలో అమ్మే సరుకును ఆర్డరు రాకముందే ఆ అంగడి నడిపే కంపెనీ గోదాముకు పంపి నిల్వ చేయించే పద్ధతి ఒకటుంది. అలా పంపే ప్రతి వస్తువు మీదా, దాన్ని మోసుకెళ్లే ప్రతి అట్టపెట్టె మీదా ఉండాల్సిన అంకెలు, వివరాలు, హెచ్చరికలన్నిటికీ కలిపి వాడుకలో ఉన్న పేరు లేబులింగ్. వీటిలో కొన్నిటిని ప్రభుత్వం విధించింది. కొన్నిటిని గోదాము నడిపే కంపెనీ విధించింది. మొదటివి కొనుగోలుదారు చదువుకోవడానికి, రెండోవి యంత్రం చదవడానికి. ఈ రెండూ ఒకే చిన్న డబ్బా మీద చోటు కోసం పోటీ పడతాయి. అమ్మకందారుకు ఎదురయ్యే చిక్కుల్లో చాలావరకు అక్కడే పుడతాయి. హైదరాబాద్ పాతబస్తీలోని లాల్‌దర్వాజా పరిసరాల్లో దొరికే సరుకు ఆధారంగా ఈ వ్యాసం ఆ నియమాలను పరిచయం చేస్తుంది.

కొనేవారు ఎదుట లేనప్పుడు

లాల్‌దర్వాజా చార్మినార్‌కు దక్షిణాన, శాలిబండను ఆనుకుని ఉన్న పేట. ఆషాఢంలో సింహవాహిని మహంకాళి అమ్మవారి బోనాలకు ఊరంతా ఇక్కడికి వస్తుంది. ఇక్కడినుంచి రెండు కిలోమీటర్ల లోపే లాడ్ బజార్ గాజుల దుకాణాలు, పత్తర్‌గట్టి ముత్యాల, బట్టల దుకాణాలు, చార్మినార్ చుట్టూ అత్తరు అంగళ్లు ఉన్నాయి. లక్క గాజులు చాలావరకు పాతబస్తీ ఇళ్లలోనూ ఇరుకు వర్క్‌షాపుల్లోనూ తయారవుతాయి. లక్కను బొగ్గుల సెగ మీద మెత్తబరిచి, లోహపు కడియం చుట్టూ తాపి, ఆ వేడి ఆరకముందే రాళ్లూ అద్దాలూ ఒక్కొక్కటిగా పొదుగుతారు. ఈ పని చేసేవారిలో ఆడవాళ్లు ఎక్కువ.

లాడ్ బజార్‌లో గాజులు కొనడానికి వెళ్లినవారి చేతిని దుకాణదారు ఒకసారి చూసి సైజు చెప్పేస్తాడు. తొడిగి చూపిస్తాడు, బేరం ఆడతాడు, కాగితంలో చుట్టి ఇస్తాడు. ఆ కాగితం మీద ఏమీ రాయనక్కర్లేదు. చెప్పాల్సిందంతా నోటితోనే అయిపోతుంది.

అవే గాజులను ముందుగానే డబ్బాలో పెట్టి గోదాముకు పంపితే చట్టం దృష్టిలో అది వేరే వస్తువైపోతుంది. కొనేవారు ఎదురుగా లేనప్పుడు, ముందే నిర్ణయించిన పరిమాణంలో ప్యాక్ చేసిన ఏ సరుకైనా ముందస్తు ప్యాకేజీ సరుకే అంటుంది 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం. డబ్బాకు సీలు ఉందా లేదా అన్నది కూడా చూడదు. దుకాణదారు నోటితో చెప్పే ప్రతి మాటా ఇక డబ్బా మీద అచ్చులో ఉండాలి. లేబులింగ్ నియమాలన్నిటికీ పునాది ఈ ఒక్క నిర్వచనమే. దీన్ని గ్రహించిన అమ్మకందారుకు మిగతా నియమాలు అంత కొత్తగా అనిపించవు.

గోదాములు

అమెజాన్ భారతదేశంలో 2013 జూన్‌లో అమ్మకాలు మొదలుపెట్టింది. 2015లో హైదరాబాద్ శివార్లలోని కొత్తూరు దగ్గర, 2017లో శంషాబాద్ దగ్గర పెద్ద గోదాములు తెరిచింది. ఫ్లిప్‌కార్ట్ 2015లో నగరానికి ఉత్తరాన గుండ్లపోచంపల్లిలో యంత్రాలతో నడిచే గోదాము ప్రారంభించింది. లాల్‌దర్వాజా నుంచి చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా శంషాబాద్ సుమారు 20 కిలోమీటర్లు. దూరం చూస్తే ఆటో ట్రాలీకి ఒక పూట పని. కానీ అక్కడ సరుకు దింపుకునే పద్ధతి బజారు పద్ధతికి బొత్తిగా వేరు.

అమెజాన్ గోదాముల్లో ఒకే రకం సరుకును ఒకే చోట పేర్చరు. ఎక్కడ ఖాళీ అర ఉంటే అక్కడ పెట్టేస్తారు. గాజుల డబ్బా పక్కన ఫోను తొడుగు ఉండొచ్చు, దాని పక్కన సబ్బులుండొచ్చు. ఏది ఏ అరలో ఉందో కంప్యూటర్‌కు మాత్రమే తెలుసు. ఆ తెలియడం కూడా వస్తువు మీది బార్‌కోడ్‌నూ అర మీది బార్‌కోడ్‌నూ వెంటవెంటనే స్కాన్ చేయడం వల్లే. కాబట్టి బార్‌కోడ్ చదవడానికి రాని వస్తువు గోదాములో ఉన్నా లేనట్టే లెక్క. బజారు గోదాములో గుమాస్తా కళ్లతో చూసి గుర్తుపట్టే వెసులుబాటు ఇక్కడ లేదు. లేబుల్ విషయంలో ఈ కంపెనీలు చూపే పట్టుదలకు కారణం ఇదే. సరుకు కట్టేవారికి ఈ కారణం ఎవరూ చెప్పకుండా నియమాల జాబితా మాత్రం చేతిలో పెడుతుంటారు. కారణం తెలియని నియమాన్ని పాటించడం ఎవరికైనా కష్టమే.

సరుకు గోదాములో ఉన్నంత మాత్రాన కంపెనీదైపోదు. విదేశీ పెట్టుబడి ఉన్న మార్కెట్‌ప్లేస్ సంస్థలు తమ సొంత సరుకు అమ్మకూడదని, కొనేవారికీ అమ్మేవారికీ మధ్య వేదికగా మాత్రమే ఉండాలని కేంద్రం 2016లో ప్రెస్ నోట్ 3 ద్వారా చెప్పింది. 2018 డిసెంబరులో ప్రెస్ నోట్ 2 ద్వారా దాన్ని ఇంకా బిగించింది. అది 2019 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అమ్ముడయ్యేదాకా సరుకు అమ్మకందారుదే, దాని మీద ఉన్న వివరాల బాధ్యత కూడా తయారీదారు, అమ్మకందారుల వైపే ఉంటుంది. అరల్లో సర్దేది ఒకరు, జవాబు చెప్పాల్సింది ఇంకొకరు.

చట్టం అడిగే వివరాలు

2009 చట్టం కింద వచ్చిన ప్యాకేజీ సరుకుల నియమాలు 2011 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వీటిని చూసేది తూనికలు కొలతల శాఖ. ఆరో నియమం ప్రకారం చిల్లరగా అమ్మే ప్రతి ప్యాకేజీ మీద తయారీదారు లేదా ప్యాక్ చేసినవారి పేరు, చిరునామా, సరుకు సాధారణ పేరు, నికర పరిమాణం, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధర (ఎమ్మార్పీ), ఫిర్యాదులకు సంప్రదించాల్సిన ఫోను నంబరు, ఇ-మెయిలు ఉండాలి. దిగుమతి సరుకైతే ఏ దేశంలో తయారైందో రాయాలి. 2021 నవంబరులో వచ్చిన సవరణ దీనికి యూనిట్ ధరను చేర్చింది. అంటే గ్రాముకో, మిల్లీలీటరుకో, ఒక్క వస్తువుకో ఎంత పడుతుందో చెప్పాలి. గాజులు లెక్కన అమ్మే సరుకు కాబట్టి వాటి పరిమాణాన్ని సంఖ్యలో రాస్తారు. డజను, జత లాంటి బజారు మాట పక్కన ఉండొచ్చు గానీ ఎన్ని గాజులో అంకెల్లో ఉండి తీరాలి.

ప్యాక్ చేసేవారు తాము ఆ పని మొదలుపెట్టిన 90 రోజుల్లోగా నమోదు చేయించుకోవాలని 27వ నియమం చెబుతుంది. ఇంటి దగ్గర సరుకు కట్టేవారిలో చాలామందికి చేరని నియమం ఇది. జీఎస్టీ నంబరు తీసుకుంటే చాలనుకుంటారు.

2017లో చేసిన సవరణలు 2018 జనవరి 1 నుంచి అమలయ్యాయి. ఆన్‌లైన్ వ్యాపారాన్ని పేరు పెట్టి నియమాల్లోకి తెచ్చినవి అవే. తయారైన నెల, సంవత్సరం తప్ప మిగతా వివరాలన్నీ వస్తువు తాలూకు వెబ్ పేజీలోనూ కనిపించాలి. డబ్బా మీద ఒకటి, పేజీలో ఇంకొకటి ఉంటే తప్పు పట్టుకోవడం చాలా తేలిక. ఒకే వస్తువుకు అనుచిత వ్యాపార పద్ధతిలో రెండు వేర్వేరు ఎమ్మార్పీలు వేయడాన్ని కూడా ఆ సవరణ నిషేధించింది. పేజీలో పెద్ద తగ్గింపు కనబడాలని ఆన్‌లైన్ సరుకుకు మాత్రం ఎక్కువ ధర అచ్చువేసే అలవాటు అమ్మకందారును నేరుగా ఈ నిషేధం ముందు నిలబెడుతుంది. 2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఇ-కామర్స్ నియమాలు తయారైన దేశం సహా ఇలాంటి వివరాలను అమ్మకందారు వేదికకు ఇవ్వాలని మరోసారి నొక్కి చెప్పాయి. లేబుల్ నియమాలు తప్పిన ప్యాకేజీకి మొదటిసారి 25,000 రూపాయల వరకు జరిమానా అని చట్టం చేసినప్పుడు 36వ సెక్షన్‌లో రాశారు. చిన్న గదిలో వ్యాపారం చేసేవారికి అది నెల సంపాదన.

వీటన్నిటిలో గోదాము సరుకును ఎక్కువగా ఇబ్బంది పెట్టేది స్టిక్కర్ల గురించిన నిబంధన. వివరాలు మార్చడానికో చేర్చడానికో విడివిడి స్టిక్కర్లు అంటించకూడదు. ధర తగ్గిస్తే మాత్రం తగ్గిన ధర స్టిక్కరు వేయొచ్చు, అదీ పాత ఎమ్మార్పీ కనబడేలా. మరోవైపు గోదాము తన స్టిక్కరు వేసేటప్పుడు డబ్బా మీదున్న పాత బార్‌కోడ్ కనబడకుండా కప్పమంటుంది. స్కానర్ పొరపాటున పాతదాన్ని చదవకూడదు కదా. చిన్న డబ్బాల మీద బార్‌కోడ్, ఎమ్మార్పీ పక్కపక్కనే ఉంటాయి. ఒకదాన్ని కప్పబోతే రెండోది కూడా పోతుంది. గోదాము మాట విన్న డబ్బా చట్టం దగ్గర దొరికిపోతుంది.

దీనికి దారి డబ్బా అచ్చు వేయించే ముందే ఆలోచించడం. చట్టం అడిగే వివరాలన్నీ ఒకే లేబుల్‌గా ఒక ముఖం మీద, బార్‌కోడ్ మరో ముఖం మీద ఉంటే తగాదానే ఉండదు. బేగంబజార్‌లో తెల్ల అట్టడబ్బాలు కొని వాడేవారికి ఈ విషయంలో రంగురంగుల డబ్బాలు అచ్చువేయించేవారికంటే వెసులుబాటు ఎక్కువ. పై ముఖం ఒకదానికి, కింది ముఖం మరోదానికి కేటాయించుకుంటే సరిపోతుంది.

బార్‌కోడ్ రకాలు

గీతల రూపంలో సమాచారాన్ని దాచే పద్ధతికి నార్మన్ జోసెఫ్ వుడ్‌ల్యాండ్, బెర్నార్డ్ సిల్వర్ 1952లో అమెరికాలో పేటెంట్ పొందారు. దుకాణంలో దాన్ని తొలిసారి స్కాన్ చేసింది 1974 జూన్ 26న, ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో. ఆ వస్తువు రిగ్లీ కంపెనీ చూయింగ్ గమ్ ప్యాకెట్.

మన కిరాణా సరుకు మీద కనిపించే 13 అంకెల కోడ్‌ను ఈఏఎన్-13 అంటారు. భారతదేశంలో వీటిని కేటాయించే సంస్థ జీఎస్1 ఇండియా. ఇక్కడ నమోదైన నంబర్లు 890తో మొదలవుతాయి. 890 ఉంటే భారత్‌లో తయారైనట్టే అని చాలామంది నమ్ముతారు, అది నిజం కాదు. నంబరు ఇచ్చిన సంస్థ ఏ దేశానిదో మాత్రమే అది చెబుతుంది. తయారైన దేశాన్ని విడిగా రాయాల్సిందే.

13వ అంకె తప్పులు పట్టే అంకె. ఉదాహరణకు 890123456789 అనే 12 అంకెలు తీసుకుందాం. బేసి స్థానాల్లోని 8, 0, 2, 4, 6, 8 కలిపితే 28. సరి స్థానాల్లోని 9, 1, 3, 5, 7, 9 కలిపితే 34, దాన్ని మూడుతో హెచ్చిస్తే 102. రెండూ కలిపితే 130. పైన వచ్చే పదుల సంఖ్య చేరడానికి ఇంకేమీ కలపనక్కర్లేదు కాబట్టి చివరి అంకె 0. ఒక అంకె తప్పు పడితే ఈ లెక్క కుదరదు, స్కానర్ ఆ కోడ్‌ను తిరస్కరిస్తుంది. చేత్తో నంబర్లు ఎక్కించేవారు ఈ చిన్న లెక్క నేర్చుకుంటే సగం తప్పులు ఇంటి దగ్గరే దొరుకుతాయి.

అమెజాన్ ప్రతి వస్తువు పేజీకీ 10 అక్షరాల ఏసిన్ అనే సంఖ్య ఇస్తుంది. ఫ్లిప్‌కార్ట్‌లో దానికి సమానమైనది ఎఫ్‌ఎస్‌ఎన్. ఇవి వస్తువును గుర్తిస్తాయి, కానీ అది ఎవరి వస్తువో చెప్పవు. పదిమంది ఒకే రకం గాజులు అమ్ముతుంటే ఎవరి డబ్బా ఎవరిదో తెలియాలి. అందుకోసం అమెజాన్ ఎఫ్‌ఎన్‌ఎస్‌కెయు అనే మరో సంఖ్య ఇస్తుంది. గోదాము స్టిక్కరు మీద ఉండేది అదే, సాధారణంగా ఎక్స్ అక్షరంతో మొదలవుతుంది. దాని గీతలు కోడ్ 128 పద్ధతిలో ఉంటాయి. ఆ పద్ధతిలో అంకెలే కాక ఇంగ్లీషు అక్షరాలు కూడా ఇముడుతాయి. స్టిక్కరు మీద గీతలతో పాటు వస్తువు పేరు, అది కొత్తదా వాడినదా అన్నదీ ఉంటాయి.

తయారీదారు బార్‌కోడ్‌తోనే సరిపెట్టుకుని, ఒకేలాంటి సరుకును అందరిదీ కలిపి వాడుకునే ఏర్పాటు కూడా కొన్నిచోట్ల నడిచింది. స్టిక్కర్ల ఖర్చు మిగిలే మాట నిజమే. కానీ ఎవరో పంపిన నాసిరకం సరుకు మన పేరున కొనుగోలుదారుకు చేరే ప్రమాదం అందులో ఉంది. చేతితో చేసే వస్తువులకు ఆ ఏర్పాటు ఏమాత్రం తగదు. ఒకరు పొదిగిన రాళ్ల వరస ఇంకొకరిలా ఉండదు.

గాజు సైజు

పాతబస్తీ సరుకులో ఎక్కువ తప్పులు దొర్లడానికి వీలున్న లేబుల్ గాజులదే. గాజుల సైజులు 2.2, 2.4, 2.6, 2.8, 2.10 అని రాస్తారు. దుకాణంలో రెండు నాలుగు, రెండు ఆరు అని, లేకపోతే దో చార్, దో ఛే అని పిలుస్తారు. ఇవి దశాంశాలు కావు. చుక్క తరువాత వచ్చే అంకె అంగుళంలో పదహారో వంతుల లెక్క. 2.4 అంటే రెండుంపావు అంగుళాల లోపలి వ్యాసం, అంటే 57.15 మి.మీ. 2.6 సుమారు 60.3, 2.8 సరిగ్గా 63.5, 2.10 సుమారు 66.7 మి.మీ. ఒక సైజుకూ తరువాతి సైజుకూ తేడా మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. చేతికి ఎక్కే గాజుకూ ఎక్కని గాజుకూ మధ్య ఉన్నది అంతే.

కంప్యూటర్ షీటు ఈ సంప్రదాయాన్ని ఎరగదు. 2.10 అని కొడితే చివరి సున్నాను తీసేసి 2.1 చేస్తుంది. వరసలో పెట్టమంటే పెద్ద సైజును అన్నిటికంటే ముందు, 2.2 కంటే చిన్నదిగా పెడుతుంది. అక్కడినుంచి తప్పుడు సైజు పేజీలోకి, స్టిక్కరు మీదికి, ఆఖరికి పెళ్లి రోజున తెరిచిన డబ్బాలోకి వెళుతుంది. పెద్ద సైజు అడిగినవారికి చిన్న గాజులు చేరి వెనక్కి వస్తాయి. లక్క గాజులు రెండుసార్లు ప్రయాణం చేస్తే రాళ్లు రాలతాయి. కాబట్టి షీటులో ఆ గడిని ముందే అక్షరాల గడిగా మార్చుకుని, చుక్కకు బదులు అడ్డగీతతో 2-10 అని రాసి, పక్కనే మిల్లీమీటర్లలో వ్యాసం వేయడం క్షేమం. లీగల్ మెట్రాలజీ చట్టం మెట్రిక్ కొలతలనే కోరుతుంది కాబట్టి మిల్లీమీటర్లు ఎలాగూ కావాలి. ప్రతి సైజుకూ ప్రతి రంగుకూ వేరే స్టిక్కరు ఉండాలి. ఆరు రంగులు, అయిదు సైజులు ఉంటే 30 రకాల స్టిక్కర్లు. వీటిని ఒకే బల్ల మీద ఒకేసారి పరుచుకుని అంటిస్తే కలగాపులగం కాక తప్పదు. ఒక రకం పూర్తిచేసి, మిగిలిన స్టిక్కర్లు లెక్కపెట్టి పక్కన పెట్టాకే రెండో రకం తీయాలి.

కాగితం, అచ్చు, ఎండ

తెల్లని, మెరవని కాగితం మీద నల్లని గీతలు ఉండాలి. గీతలకు ఇరువైపులా ఖాళీ జాగా వదలాలి. స్కానర్ ఆ ఖాళీని చూసే కోడ్ ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో తెలుసుకుంటుంది. అమెజాన్ నియమావళి పక్కల పావు అంగుళం, పైనా కిందా అంగుళంలో ఎనిమిదో వంతు అడుగుతుంది. లేబుల్‌ను డబ్బా అంచు మీద, మూల మీద, వంపు మీద వేయకూడదు. గీతలు వంగితే యంత్రం చదవలేదు. ఇంక్‌జెట్ ప్రింటర్ వద్దంటారు. ఆ సిరా చెమట చేయి తగిలినా అలుక్కుపోతుంది.

చిన్న అమ్మకందారులు లేజర్ ప్రింటర్‌లో ఏ4 స్టిక్కర్ షీట్లు వాడతారు. 40 లేబుళ్ల షీటులో ఒక్కోటి 52.5 × 29.7 మి.మీ. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు, ప్రింటు ఇచ్చేటప్పుడు పేజీకి సరిపోయేలా కుదించే అమరికను అలాగే వదిలేయడం. కంటికి తేడా కనబడదు గానీ గీతల మందం దెబ్బతింటుంది. నూటికి నూరు శాతం కొలతలోనే అచ్చు తీయాలి.

వేడితో నల్లబడే థర్మల్ కాగితం చవక, సిరా అక్కర్లేదు. కానీ ఆ గుణమే దానికి శత్రువు. మే నెల ఎండలో మూసిన బండిలో ఉంచితే లేబుల్ మొత్తం మసకబారుతుంది. అత్తరు నూనె తగిలితే అచ్చు వెలిసిపోతుంది. నెలల తరబడి గోదాములో ఉండాల్సిన సరుకుకు, నూనె సరుకుకు రిబ్బన్‌తో అచ్చువేసే ప్రింటర్ లేబుళ్లే నమ్మదగినవి. లక్క కూడా వేడికి మెత్తబడేదే కాబట్టి వేసవిలో మధ్యాహ్నం పికప్ పెట్టుకోకపోవడం లేబుల్‌కూ గాజుకూ రెండింటికీ మేలు.

సంచి, సెట్టు, పెట్టె

ప్లాస్టిక్ సంచి నోరు అయిదు అంగుళాలు, అంటే 12.7 సెం.మీ., అంతకు మించి ఉంటే పిల్లలకు ఊపిరాడని ప్రమాదం గురించి హెచ్చరిక అచ్చు ఉండాలని అమెజాన్ కోరుతుంది. బార్‌కోడ్ సంచిలోంచి స్పష్టంగా కనబడాలి, లేకపోతే సంచి పైన అంటించాలి. పత్తర్‌గట్టి, మదీనా బిల్డింగ్ ప్రాంతపు బట్టల వ్యాపారులకు ఇది నిత్యం ఎదురయ్యే నియమం. హైదరాబాదీ పెళ్లికూతురి ఖడా దుపట్టాలో కుర్తా, చూడీదార్, దుపట్టాలు అన్నీ కలిసి ఒక్కటే సరుకు. వాటిని ఒకే సంచిలో కట్టి, ఇది సెట్టు, విడదీయవద్దు అనే అర్థం వచ్చే లేబుల్ వేయాలి. అది లేకపోతే గోదాములో ఒక్కో ముక్కనూ విడి సరుకుగా లెక్కించే అవకాశం ఉంది. 24 గాజుల సెట్టుకూ అదే నియమం.

పగిలే సరుకు మీద ఫ్రాజైల్ అని రాస్తే చాలదు. అమెజాన్ నియమావళిలో చాలాకాలంగా ఉన్న పరీక్ష ప్రకారం ప్యాక్ చేసిన వస్తువును మూడడుగుల ఎత్తు నుంచి అయిదుసార్లు, అడుగు భాగం, పై భాగం, పొడవాటి పక్క, పొట్టి పక్క, ఒక మూల మీద పడేలా వదిలినా లోపలిది చెక్కుచెదరకూడదు. గాజు గాజుకూ మధ్య కాగితపు కడ్డీ పెట్టి బిగించే లాడ్ బజార్ పద్ధతి బల్ల మీద పేర్చడానికి బాగుంటుంది. ఈ పరీక్షకు నిలవాలంటే బబుల్ ర్యాప్ కూడా కావాలి.

అట్టపెట్టెకు వేరే లేబుల్. ప్రతి పెట్టెకూ ప్రత్యేక సంఖ్య ఉంటుంది కాబట్టి ఒకదాన్ని జిరాక్స్ తీసి అన్నిటికీ వేయడం కుదరదు. దాని మీద ఏ గోదాముకో కూడా ఉంటుంది. అమెజాన్ గోదాముల గుర్తులు దగ్గరి విమానాశ్రయం కోడ్‌తో మొదలవుతాయి, శంషాబాద్ గోదాము గుర్తు హెచ్‌వైడీ8. పెట్టె లేబుల్‌ను మూతలు కలిసే చోట అంటిస్తే తెరిచినప్పుడు కత్తి గీతల మీదినుంచే పోతుంది. చదునైన పక్క మీద, అంచుకు ఎడంగా వేయాలి. పాత పెట్టె వాడితే దాని మీది పాత బార్‌కోడ్‌లన్నీ చెరిపేయాలి. బేగంబజార్ నుంచి వచ్చే వాడిన పెట్టెల మీద సబ్బుల కంపెనీ కోడ్ ఒకటి మిగిలినా సరుకు దారి తప్పుతుంది. బరువు పరిమితి దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో మామూలు పెట్టె 50 పౌండ్లు, సుమారు 22.7 కిలోలు దాటకూడదు. బ్రిటన్‌లో 15 కిలోలు మించితే బరువైన పెట్టె అనే హెచ్చరిక అంటించాలి. ఈ పరిమితులన్నీ పెట్టె ఎత్తే కూలీల నడుముల కోసం పెట్టినవి, వాటిని తేలిగ్గా తీసుకోకూడదు.

గోదాము ఇచ్చిన రోజుకే సరుకు చేరాలి. లాల్‌దర్వాజా బోనాల ఆదివారం, ఘటాల ఊరేగింపు జరిగే మర్నాడు సోమవారం ఈ దారుల్లో వాహనాలను మళ్లిస్తారు. ఆ రెండు రోజులకు పికప్ తీసుకోకూడదని ఇక్కడివారికి వేరే చెప్పనక్కర్లేదు గానీ, కంపెనీ క్యాలెండరుకు ఆ సంగతి తెలియదు.

అత్తరు, తినుబండారాలు

అత్తరును పాతబస్తీలో తులాల్లో అమ్ముతారు. తులం 11.66 గ్రాములు, ఆ లెక్కన వాడే సీసా సుమారు 12 మి.లీ. లేబుల్ మీద తులం అని మాత్రమే రాస్తే చెల్లదు, మిల్లీలీటర్లు కావాలి. పది గ్రాములు లేదా పది మి.లీ. లోపు ప్యాకేజీలకు ప్యాకేజీ సరుకుల నియమాల నుంచి 26వ నియమం మినహాయింపు ఇస్తుంది. అర్ధ తులం సీసా ఆ మినహాయింపులోకి వస్తుంది, తులం సీసా రాదు. ఆల్కహాలు కలిసిన సెంటుకు మంట అంటుకునే సరుకుగా అదనపు ఆంక్షలున్నాయి. ఆల్కహాలు లేని అత్తరును ఆ గాటన కట్టకుండా ఉండాలంటే అందులో ఏముందో పేజీలో స్పష్టంగా చెప్పాలి.

ఉస్మానియా బిస్కెట్ల లాంటి వాటికి 2020 నాటి ఆహార లేబులింగ్ నిబంధనలు వర్తిస్తాయి. 14 అంకెల లైసెన్స్ నంబరు, శాకాహార గుర్తు, పదార్థాల జాబితా, గడువు తేదీ తప్పనిసరి. కొనుగోలుదారుకు అందే నాటికి నిల్వకాలంలో కనీసం 30 శాతం లేదా 45 రోజులు మిగిలి ఉండేలా చూడమని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2024లో ఆన్‌లైన్ సంస్థలకు సూచించింది. తక్కువ రోజులు నిలిచే బేకరీ సరుకుకు గోదాము పద్ధతి సరిపడదు.

కాగితాలు

సరుకు ఉంచే గోదామును జీఎస్టీ నమోదులో అదనపు వ్యాపార స్థలంగా చేర్చుకోవాలి. తెలంగాణలోనే అదే నమోదు కింద ఉన్న గోదాముకు పంపితే డెలివరీ చలాన్ చాలు. బెంగళూరు గోదాముకు పంపాలంటే కర్ణాటకలో వేరే నమోదు కావాలి, పన్ను ఇన్‌వాయిస్ రాయాలి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఇ-వే బిల్లు. ఇన్‌వాయిస్‌లోని సంఖ్యకూ పెట్టెలోని సంఖ్యకూ తేడా వస్తే పేచీ తీరేసరికి వారాలు పడుతుంది.

భాష

ప్యాకేజీ వివరాలు దేవనాగరి లిపిలో హిందీలోనో, ఇంగ్లీషులోనో ఉండాలని నియమాలు చెబుతాయి. వాటికి తోడుగా ఇతర భాష వాడుకోవచ్చు. ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ 2020లో కొనుగోలుదారులకు తెలుగు తెరలు తెచ్చాయి. తెలుగులో చదివి కొన్నవారి చేతికి వచ్చే డబ్బా మీద మాత్రం ఒక్క తెలుగు అక్షరం లేకపోయినా చట్టానికి అభ్యంతరం లేదు. లేబుల్ కొనుగోలుదారు కోసమే అయితే ఇది లోటే. సైజు, జాగ్రత్తలు, ఫిర్యాదు నంబరు తెలుగులోనూ ఉర్దూలోనూ వేయడానికి ఏ నియమమూ అడ్డు రాదు. రెండు వరసల చోటు చాలు. స్టిక్కర్లు అంటించే గదిలో గోడకు వేలాడే సూచనలు కూడా ఆ రెండు భాషల్లో ఉంటే తప్పులు తగ్గుతాయి.

భౌగోళిక గుర్తింపు, ఎగుమతి

హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 1999 నాటి చట్టం ప్రకారం ఆ గుర్తును వాడుకోవాలంటే అధీకృత వాడకందారుగా నమోదు కావాలి. ఊరికే డబ్బా మీద వేసుకోకూడదు. ప్యాకేజీ నియమాలు తయారీదారు పేరో ప్యాక్ చేసినవారి పేరో ఉంటే సరిపెట్టుకుంటాయి, రాళ్లు పొదిగిన మనిషి పేరు అడగవు. కళాకారులు తామే వాడకందారులుగా నమోదైతే ఆ పేరు లేబుల్ ఎక్కడానికి ఒక దారి ఏర్పడుతుంది.

విదేశీ గోదాములకు పంపే సరుకు మీద ఆ దేశపు నియమాలు కూడా తోడవుతాయి. అమెరికాలో 1930 సుంకాల చట్టం 304వ సెక్షన్ ప్రకారం దిగుమతి వస్తువు మీద తయారైన దేశం పేరు ఇంగ్లీషులో, చెరగకుండా ఉండాలి. అమెజాన్ అక్కడి గోదాముల్లో రుసుము తీసుకుని స్టిక్కర్లు వేసి, ప్యాక్ చేసిపెట్టే సేవను 2026 జనవరి 1 నుంచి నిలిపివేసింది. అంతకుముందు ఆ సేవ మీద ఆధారపడిన ఎగుమతిదారు ఇప్పుడు ప్రతి డబ్బాకూ ఇక్కడే లేబుల్ వేయాలి, లేదా అక్కడ వేరే ప్యాకింగ్ సంస్థను వెతుక్కోవాలి. ఇక్కడ వేసిన లేబుల్ ఓడలో వారాల తరబడి తేమను తట్టుకోవాలి కాబట్టి థర్మల్ కాగితం పనికిరాదు. రిబ్బన్ అచ్చు లేబుల్, తేమకు ఊడని జిగురు, పెట్టె లోపల తేమ పీల్చే పొట్లాలు ఈ మూడింటి ఖర్చును గాజు ధరలో ముందే కలుపుకోవాలి.